రబాబ్ తోలు, కిన్నెర మైనం

ఆఫ్ఘన్ రబాబ్‌కు తీగలు ఆనే గుర్రం, అదే బ్రిడ్జి, మీద ఒక తీగ మిగతా వాటికన్నా జర ఎత్తుగా ఉంటుంది. అన్నిట్లోకి పొట్టిది, పై స్థాయిది. వాయించేటాయన రాగం తీగ మీద ఒక దెబ్బ, ఈ ఎత్తు తీగ మీద ఇంకో దెబ్బ, మధ్యమధ్యలో గుచ్చుతూ పోతాడు. దీన్నే పరంద్‌కారీ అంటారు. ఆడియో మాత్రమే వింటే ఇద్దరు వాయిస్తున్నట్టే అనిపిస్తుంది. ఊరు విడిచిన సంగీతంలో మొదట తప్పిపోయేవి ఇట్లాంటివే. పాట పోదు, చెయ్యి పోతుంది.

మన దిక్కు రబాబ్ చూసినవాళ్లు తక్కువ కాబట్టి కొంచెం వివరం. పట్టుపురుగులు మేసే మల్బరీ చెట్టు మొద్దును తొలిచి కడుపు చేస్తారు. కింది కడుపు మీద మేకతోలు బిగిస్తారు. రాగం వాయించే తీగలు మూడు. ఇవి ఒకప్పుడు పేగు తీగలు, ఇప్పుడు నైలాన్. మూడూ ఒకదానికొకటి మధ్యమం దూరంలో ఉంటాయి, అంటే ఒక తీగ షడ్జమమైతే పక్క తీగ దాని మ. ఇవి కాక ఒకే స్వరం మోగుతుండే జీలు తీగలు రెండు మూడు, పక్కన బిరడాలకు డజను పైచిలుకు సన్నని ఉక్కు తీగలు. ఈ ఉక్కు తీగల్లో చాలావాటిని ఎవరూ ముట్టరు, పక్క తీగ మోగితే అవే మోగుతాయి. వాటిని వాయించబోయే రాగానికి తగ్గట్టు వరుసగా శ్రుతి చేయాలి. ఒక్కటి తప్పినా వాద్యమంతా మూగబోయినట్టు ఉంటుంది. కొత్తగా నేర్చుకునేటోళ్లకు తమ వేళ్లదే తప్పనిపిస్తుంది. తప్పు తీగది.

నల్లగొండ లతీఫ్ సాబ్ గుట్ట ఉర్సులో ఖవ్వాలీ విన్నవాళ్లకు కాబూల్ గాత్రం మరీ కొత్తగా ఉండదు. అదే హార్మోనియం, అదే తబలా. 1860లలో అమీర్ షేర్ అలీ ఖాన్ హిందుస్థాన్ నుంచి గాయకులను, వాద్యగాళ్లను పిలిపించి కాబూల్‌లో కోట దగ్గర ఉంచాడు. ఆ వాడే ఖరాబాత్. అందుకే అక్కడి ఉస్తాదులు కూడా సరిగమలతోనే పాఠం చెప్తారు. కాబూల్ గాయకుడు ఉస్తాద్ సరాహంగ్ పటియాలా ఘరానాలో నేర్చుకొని వెళ్లి, ఫార్సీలో బేదిల్ కవి గజళ్లు పాడాడు. మన సరోద్ కూడా రబాబ్ నుంచే వచ్చింది. మేకతోలు అట్లనే ఉంచి, చెక్క పట్టీ మీద ఉక్కు రేకు వేసి, మెట్లు (ఫ్రెట్లు) తీసేస్తే సగం సరోద్ అయినట్టే.

1990లలో అంతర్యుద్ధపు రాకెట్లకు ఖరాబాత్ కూలింది. 1996లో తాలిబాన్లు సంగీతమే వద్దన్నారు. వాద్యగాళ్లు పెషావర్ చేరారు. అక్కడ ఖలీల్ హౌస్ అనే బిల్డింగులో గదికొక బృందం కూర్చొని పెండ్లి బుకింగ్‌లు తీసుకునేది. అక్కడి నుంచి కొందరు హాంబర్గ్, కొందరు లండన్, కొందరు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. హుమాయున్ సఖీ అట్లనే పెషావర్ మీదుగా ఫ్రీమాంట్ చేరి అక్కడ రబాబ్ నేర్పాడు. 2021లో తాలిబాన్లు మళ్లీ వచ్చారు, 2023లో హెరాత్‌లో వాద్యాలను కుప్పపోసి తగలబెట్టారు. అహ్మద్ సర్మస్త్ కాబూల్‌లో 2010లో పెట్టిన సంగీత విద్యాలయం పిల్లలు, పంతుళ్లు, కుటుంబాలతో కలిపి 273 మంది పోర్చుగల్ చేరారు. 2024 డిసెంబర్‌లో రబాబ్ తయారీని, వాదనను యునెస్కో తన జాబితాలో చేర్చింది. జాబితాలో ఎక్కితే మంచిదే, కానీ తోలు బిగించడం యునెస్కోకు రాదు.

తోలు సంగతే అసలు సంగతి. యూరప్ చలికాలంలో ఇంట్లో హీటర్లు రోజంతా నడుస్తాయి, గాలి ఎండిపోతుంది. తోలు బిగుసుకొని అంచు దగ్గర చీలుతుంది, మల్బరీ చెక్క పగులు పడుతుంది, బిరడాలు సన్నబడి జారిపోతాయి. మన వానాకాలంలో దీనికి రివర్స్. తోలు తేమ పీల్చి వదులై, బ్రిడ్జి కిందికి దిగుతుంది, తీగలు మెట్లకు తగిలి జిర్రుమంటాయి. అప్పుడు చాలామంది బిరడా తిప్పి తీగ బిగిస్తారు. అది తప్పు. తీగ బిగిస్తే బ్రిడ్జి తోలును ఇంకా నొక్కుతుంది, ఎండ రాగానే ఆ గుంట అట్లనే మిగిలిపోతుంది. తీగలు వదులు చేసి, గాలి తేమ 50 శాతం చుట్టూ నిలిచే గదిలో ఒకటి రెండు రోజులు ఉంచాలి. పొయ్యి దగ్గర, ఎండలో పెట్టొద్దు. డప్పును మంటకు కాచినట్టు రబాబ్‌ను కాచితే చెక్క, తోలు అతుకు విడిపోతుంది. బిరడా జారితే సుద్దపొడి, పట్టేస్తే పొడి సబ్బు. విమానం ఎక్కించేటప్పుడు తీగలు వదులు చేసి, బ్రిడ్జి కింద మెత్తని గుడ్డ పెట్టాలి. బ్రిడ్జి పూర్తిగా తీసేస్తే పక్క తీగలన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి, అది ఒక పూట పని.

ప్రవాసంలో కూడు పెట్టింది మాత్రం కీబోర్డే. పెండ్లికి ఆరుగురు వాద్యగాళ్లను పిలిచేకన్నా ఒక గాయకుడు, ఒక కీబోర్డు చౌక. దీన్ని తిట్టడం సులువు. కానీ పెండ్లి పాట బతికింది కాబట్టే పిల్లల చెవిలో మొఘోలీ తాళం ఏడు మాత్రల నడక మిగిలింది. ఆ చెవి ఉన్న పిల్ల పదేండ్ల తర్వాత రబాబ్ పట్టుకున్నా నేర్చుకోగలదు. అదీ లేకపోతే ఉస్తాద్ ఏం చేస్తాడు? మన దగ్గర డీజే గురించి గోల పెట్టేటోళ్లు ఈ ముక్క ఆలోచించాలె.

ఇక పాలమూరు. మన పన్నెండు మెట్ల కిన్నెర ఏ దేశమూ పోలేదు, ఇక్కడే పరాయిదైంది. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక దాని పేరు అందరికీ తెలిసింది, చేసే తీరు మాత్రం కొద్దిమందికే తెలుసు. వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లు అంటించడానికి తేనెమైనం. పూర్వం మెట్లకు అలుగు పెంకులు వాడేవాళ్లు, ఇప్పుడు అలుగును ముట్టుకుంటే జైలే, ముట్టొద్దు కూడా. మైనం 62 డిగ్రీలు దాటితే గానీ కరగదు. కానీ 35 దాటగానే మెత్తబడుతుంది. మే నెలలో మూసిన కారులో కిన్నెరను వదిలితే మెట్టు వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది, స్వరం పోతుంది. చూడటానికి ఏమీ తెలియదు.

అందుకే రికార్డు చేసేటోళ్లు పాటతో మొదలుపెట్టొద్దు. ముందు ఒట్టి తీగలు ఒక్కొక్కటి, పూర్తిగా ఆగిపోయేదాకా. తర్వాత ఒకటో మెట్టు నుంచి పన్నెండు దాకా ఒక్కో స్వరం. తర్వాత పాట గొంతు లేకుండా, మెల్లగా. ఆఖరున గొంతుతో. వీడియో ఎదురుగా కాదు, వాయించేటాయన భుజం వెనక నుంచి తీయాలి, నేర్చుకునేటోళ్లకు చేతులు తమ చేతుల్లాగే కనబడాలి. ఫోన్ మూర దూరంలో, స్టాండు మీద. రికార్డర్‌లో నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆపేయాలి. లేకుంటే తీగ మోగి మెల్లగా ఆరిపోయే తోకను ఫ్యాన్ చప్పుడనుకొని కోసేస్తుంది. ఫైల్ వేవ్ (WAV) ఫార్మాట్‌లో దాచాలి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి, వాయిస్ మెసేజ్‌గా వద్దు.

ఇవన్నీ అయినా కొలత టేపు పెట్టి కొలవకుంటే సగం పనే. బ్రిడ్జి నుంచి ప్రతి మెట్టుకు దూరం మిల్లీమీటర్లలో రాసుకోవాలి. తీగ ఎంత లావుదో, ఉక్కుదా ఇత్తడిదా అనేది పక్కనే రాయాలి. మైనం కొత్తగా వేసి, వాయించేటాయన తన చెవికి సరిపోయిందని చెప్పిన పూటే కొలవండి, అదీ పొద్దున చల్లగా ఉన్నప్పుడు.