గంటకు 25 డాలర్లు, ఏ లెక్కన?

అమెరికాలో డాక్యుమెంట్ రివ్యూ (కేసు పత్రాలు చదివి వర్గాలుగా విడదీసే పని) చేసే కాంట్రాక్ట్ లాయర్లకు ప్రభుత్వ వృత్తుల జాబితాలో విడిగా కోడ్ లేదు. లాయర్లది 23-1011, లాయర్లకు సాయపడే పారాలీగల్స్‌ది 23-2011. రివ్యూయర్లు వీటిలోనే ఎక్కడో కలిసిపోతారు. వాళ్లలో ఆడవాళ్లెందరు, ఏ వయసువాళ్లు ఎక్కువ అని వెతికితే ఆ పట్టికల్లో జవాబు దొరకదు. ఇంతమంది కష్టం లెక్కకే రాకపోవడం బాధగా ఉంటుంది.

వార్షిక వేతనం అంకెనూ నమ్మలేం. సాధారణంగా గంట రేటును 2,080తో (వారానికి 40 గంటల చొప్పున ఏడాది మొత్తం గంటలు) గుణిస్తారు. ప్రాజెక్టుల మధ్య ఖాళీగా గడిచే వారాలు అందులో కనపడవు.

అన్నిటికన్నా ముఖ్యం ఓవర్‌టైమ్. లా ప్రాక్టీస్ చేసే లాయర్లకు చట్టప్రకారం అది ఇవ్వక్కర్లేదు. 2015లో సెకండ్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చిన ఒక రివ్యూయర్ కేసులో రేటు గంటకు 25 డాలర్లు. న్యాయపరమైన విచక్షణ ఏమాత్రం లేకుండా, ఇచ్చిన పదాలు వెతికి, ముందే నిర్ణయించిన కేటగిరీల్లో పెట్టడమే పనైతే అది ప్రాక్టీస్ కాకపోవచ్చని కోర్టు అంది. మామూలు రేటుతో 50 గంటల వారానికి 1,250 డాలర్లు. 40 దాటిన గంటలకు ఒకటిన్నర రెట్లు కడితే 1,375.

మీరు ఈ పని చేస్తుంటే పనిగంటలు రోజూ సొంతంగా రాసుకోండి. రివ్యూ ఎలా చేయాలో చెప్పే ప్రోటోకాల్ మాత్రం గోప్యం, కాపీ తీసుకోవద్దు.