మావయ్య చేపలు, ఏడు ఫ్లాపీలు

మా మావయ్య హైస్కూల్లో తెలుగు చెప్పేవాడు. ఆదివారం వస్తే తెల్లారకుండానే విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి పోయి, పడవలు దిగేవాళ్లని పట్టుకుని మాటలు రాసుకునేవాడు. చేపల పేర్లు, వలల పేర్లు, గాలుల పేర్లు. ఆ నోటుబుక్కులన్నీ 1995లో టైపు చేసింది నేనే. అప్పుడు అల్లిపురంలో ఓ డీటీపీ సెంటర్లో పనిచేసేవాణ్ని. అక్కడున్నది ఆపిల్ వాళ్ల మెకింటాష్ (మాక్) ఎస్ఈ కంప్యూటర్, తొమ్మిదంగుళాల నలుపు తెలుపు తెర. ఓనరుగారు బొంబాయి నుంచి సెకండ్‌హ్యాండ్‌లో తెప్పించారు. పనయ్యాక అంతా ఏడు ఫ్లాపీల్లోకి ఎక్కించి మావయ్య చేతికిచ్చాను. ఆయన వాటిని బిస్కెట్ల డబ్బాలో వేసి బీరువా మీద పెట్టాడు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ రెక్క ఊడిపోయి ఆ గదంతా వానే. నోటుబుక్కులు ముద్దయిపోయాయి. డబ్బా మిగిలింది.

"ఏటిరా, మన చేపలన్నీ ఆ డబ్బాలోనే ఉండిపోతాయా?" అని ప్రతి సంక్రాంతికీ అడుగుతాడు. ఆయనకిప్పుడు 84. ఈ ఏడాది నాకే సిగ్గేసింది.

ముందు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి తెప్పించాను. డిస్కు పెట్టగానే ఫార్మాట్ చెయ్యమంటారా అంది. వద్దు తల్లీ అని లాగేశాను. దాని తప్పేం లేదు. ఫ్లాపీ మీద సమాచారం ట్రాకులనే గుండ్రటి వరసల్లో, ఒక్కో ట్రాకులో సెక్టార్లనే ముక్కలుగా ఉంటుంది. పీసీలో 720 కేబీ ఫ్లాపీ అయితే అంచునున్న పెద్ద ట్రాకులోనూ, లోపలున్న చిన్న ట్రాకులోనూ తొమ్మిదేసి సెక్టార్లే. మాక్ వాళ్లు అంచున అంత చోటు ఎందుకు వదలాలని అక్కడ పన్నెండు పెట్టి, లోపలికొచ్చేకొద్దీ ఒక్కోటి తగ్గిస్తూ ఎనిమిదితో ఆపారు. అందుకే అదే డిస్కులో 800 కేబీ పట్టేది. ట్రాకుని బట్టి మోటారు వేగం మారాలి మరి. ఎస్ఈ ఫ్లాపీ చదువుతుంటే మధ్యమధ్యలో శ్రుతి మారినట్టు వినపడేది అందుకే. పీసీ డ్రైవుకి తెలిసింది నిమిషానికి 300 చుట్లు, అంతే. తర్వాత 1.44 ఎంబీ డిస్కులొచ్చాక మాకులు పీసీ ఫ్లాపీలు కూడా చదవడం నేర్చాయి గానీ, మా మెషిన్ అంతకుముందుది.

అంటే మళ్లీ ఆ పాత పెట్టె కావాలి. సీతమ్మధారలో ఓనరుగారింటికి వెళ్తే అటక మీద దుప్పట్లో చుట్టి ఉంది. "పట్టుకుపో బాబూ, పాత సామాన్లవాడు కూడా వద్దన్నాడు" అన్నారు. మన ఉప్పుగాలికి వెనక స్క్రూలు ఎర్రగా తుప్పుపట్టాయి. స్విచ్ వేస్తే మాత్రం ఆన్ అయింది! తేదీ 1904 జనవరి 1. బ్యాటరీ చచ్చిన పాత మాక్‌కి కాలం అక్కణ్నుంచే మొదలవుతుంది.

ఫ్లాపీల రేకు జరిపి చూస్తే లోపల తెల్లగా బూజు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో దూది ముంచి, డిస్కుని వేలితో తిప్పుతూ రెండు పక్కలా తుడిచాను. ఒక్కోదానికి అరగంట. ఆరు చదివింది. ఏడోది గరగరమని అరిచి బయటికి తోసేసింది. గాలుల పేర్లున్నది అదే.

ఇక ఫైళ్లని మాక్ నుంచి పీసీకి పంపడానికి కేబుల్. డాబాగార్డెన్స్‌లో పార్టులమ్మే కొట్టులో ఎనిమిది కాళ్ల మినీ డిన్ ప్లగ్గు అడిగితే కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, లోపల్నుంచి వాళ్ల నాన్నని పిలిచాడు. ఆయన ఏ సొరుగులోంచో తీసిచ్చాడు. మాక్ మూడో కాలు పీసీ రెండుకి, ఐదోది మూడుకి, నాలుగూ ఎనిమిదీ కలిపి ఐదుకి. ఆ ఎనిమిదోదాన్ని గ్రౌండ్ చెయ్యాలని మర్చిపోయి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఓనరుగారు ఒకప్పుడు మోడెం వాడేవారు కాబట్టి హార్డ్‌డిస్కులో టెర్మినల్ ప్రోగ్రాం ఉండడం నా అదృష్టం. 9600 స్పీడు, ఎక్స్‌మోడెం. 1977 నాటి ఆ పద్ధతి 128 బైట్లు పంపి, మొత్తం కూడి, లెక్క కుదరకపోతే మళ్లీ పంపమంటుంది. మా వీధి కిరాణా కొట్టు ఖాతా కూడా అంత నిక్కచ్చిగా ఉండదు.

ఫైళ్లొచ్చాయి. తెరిస్తే ఒక్కొక్క ఫైలూ ఒకటే వరస! మాక్ వాడు లైను చివర ఒక గుర్తు పెడతాడు, పీసీ వాడు రెండు పెడతాడు. అది రెండు నిమిషాల పని. అసలు తంటా తెలుగుతోనే. మా ఫాంటు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ఇప్పటి పద్ధతి) కాదు, ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తలకట్లనీ కొమ్ముల్నీ వత్తుల్నీ కాపురం పెట్టిన రకం. పైగా కంప్యూటర్ ప్రతి గుర్తునీ ఒక సంఖ్యగా దాచుకుంటుంది, అందులో 127 దాటిన సంఖ్యలకి మాక్ ఒక గుర్తు చూపిస్తే పీసీ ఇంకోటి చూపిస్తుంది. కాబట్టి కంటికి కనిపించేది నమ్మకుండా, సంఖ్యల్ని బట్టి పట్టిక రాసుకున్నాను. ఏ సంఖ్యకి ఏ ముక్క అన్నది ఎస్ఈ తెర మీద ఒక్కోటీ కొట్టి చూసి.

మార్చాక మొదటి పేజీలో "పత్రిక" కాస్తా "ప్రతిక" అయింది. ఆ ఫాంటులో క్రావడి (ర వత్తు) అక్షరానికి ఎడమపక్క కనపడాలి కాబట్టి ముందే కొట్టేవాళ్లం. యూనికోడ్‌లో తర్వాత రావాలి. "సముద్రం" వచ్చిన ప్రతిచోటా క్రావడి దకారాన్ని వదిలేసి "ము"కి వేలాడింది. విశాఖపట్నం చేపల జాబితాలో సముద్రం ఎన్నిసార్లొస్తుందో మీరే ఊహించుకోండి. క్రావడిని తర్వాతి అక్షరం వెనక్కి జరిపే నాలుగు లైన్ల ప్రోగ్రాం రాశాక అన్నీ వాటి చోటికి చేరాయి. వంజరం, చందువ, కవళ్లు, సావళ్లు.

పెద్దక్షరాల్లో ప్రింటు తీసి మావయ్యకి ఇచ్చాను. గాలులు పోయాయని ముందే చెప్పేశాను, ఏమీ అనలేదు. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, వేలితో ఒక్కో పేరూ తాకుతూ చదివి, మూడో పేజీలో ఆగాడు.

"కానాగంతల్లో నాకి దీర్ఘం ఏదిరా?"

నా పట్టికలోనే ఏదో తప్పుందనుకున్నాను. ఇంటికొచ్చి అసలు ఫైల్లో బైట్లు ఒక్కోటీ చూశాను. ఆ దీర్ఘం అక్కడా లేదు. 1995లో నేనే కొట్టలేదు.