ద్రాక్షలో కొత్త రకం అని చూపడం: నా అనుభవం

మహబూబ్‌నగర్ వైపు ఎర్ర చెల్కలో వేసిన థామ్సన్ సీడ్‌లెస్ అనే గింజలేని ద్రాక్ష తోట మాది. ఒక తీగలో ఒకే కొమ్మకు కాయ పొడుగ్గా, కోలగా వచ్చింది. మిగతా కొమ్మలన్నీ మామూలే. దీన్ని మొగ్గ మార్పు అంటారు, తోటోళ్లు స్పోర్ట్ అంటారు. తాస్-ఎ-గణేశ్, సోనాక లాంటి రకాలు థామ్సన్ వంశంలో ఇట్లా దొరికినవే. చిక్కు కూడా అక్కడే ఉంది. కొత్త రకంగా నమోదు చేయించాలంటే థామ్సన్ కంటే వేరని చూపితే సరిపోదు, దాని సంతానంలో ఇప్పటికే పేరున్న ప్రతిదానికంటే వేరని చూపాలి.

కొలతల కంటే ముందు అమ్మకం సంగతి చూసుకున్నాం. మొక్కల రకాల, రైతుల హక్కుల రక్షణ చట్టం 2001 ప్రకారం, కొత్త రకంగా నమోదు కావాలంటే దరఖాస్తు తేదీకి ఏడాది కంటే ముందు ఆ రకాన్ని మన దేశంలో అమ్మి ఉండకూడదు. విదేశాల్లో అయితే చెట్లకు, తీగలకు ఆరేళ్లు. కడ్డీలు అమ్మితేనే లెక్క అనుకుంటారు చాలామంది. చట్టంలో కోసిన పంట మాట కూడా ఉంది. కొత్త కాయ బాగుందని రెండు సీజన్లు మార్కెట్‌కు పంపితే కొత్తదనం అక్కడికక్కడే పోతుంది. అమ్మకుండా చేసే ప్రయోగానికి ఇబ్బంది లేదు. అందుకే పరీక్ష వరసల కాయ ఇంటికీ కొలతలకే వాడాం, ఏ రోజు ఎన్ని గుత్తులు కోశామో నోట్‌బుక్‌లో రాసిపెట్టాం.

ఒక కొమ్మ మారినంత మాత్రాన రకం తయారైనట్టు కాదు. ద్రాక్ష చిగురు కొనలో కణాలు ముఖ్యంగా రెండు పొరలుగా ఉంటాయి. మార్పు ఒక పొరలోనే ఉంటే కొన్నేళ్లకు ఏదో ఒక కన్ను (మొగ్గ) పాత గుణానికి తిరిగిపోతుంది. అందుకని ఆ కొమ్మ కన్నులు డాగ్‌రిడ్జ్ వేరుమూలం (వేరునిచ్చే అడుగు మొక్క) మీద అంటు కట్టి, కాపుకొచ్చాక వాటి నుంచి మళ్లీ కన్నులు తీసి రెండో తరం కట్టాం. మొదటి తరంలో పాత కాయ చూపిన తీగలను పీకలేదు, గుర్తు కట్టి వదిలేశాం. ఎందుకు తిరిగాయో ఎవరైనా అడిగితే చూపాలి కదా. రెండో తరంలో అన్ని తీగలూ ఒక్క తీరుగా వచ్చాకే కొలతలు మొదలుపెట్టాం.

పోలిక మొక్కల దగ్గర ఒక ఏడాది పోగొట్టుకున్నాం. ఒక నర్సరీ సోనాక అని ఇచ్చిన కడ్డీలు కాపుకొచ్చాక మామూలు థామ్సన్‌గా తేలాయి. ఆ ఏటి అంకెలన్నీ వృథా. పోలిక రకం ఎక్కడిదో కాగితం లేకుండా తెచ్చుకోవద్దు. కొత్తదీ పాతదీ ఒకే వేరుమూలం, ఒకే వయసు, ఒకే పందిరి, ఒకే డ్రిప్ లైను మీద ఉండాలి. డాగ్‌రిడ్జ్ మీద తీగ బలంగా పెరిగి ఆకు పెద్దదవుతుంది. సొంత వేరు మీది థామ్సన్‌తో దాన్ని పోలిస్తే మీరు కొలిచేది వేరుమూలాన్నే. అక్టోబర్ కటింగ్ కూడా రెండిటికీ ఒకే రోజు చేయాలి. కన్ను పగలడానికి హైడ్రోజన్ సయనమైడ్ పూస్తే రెండిటికీ పూయాలి, మానితే రెండిటికీ మానాలి. కన్ను పగిలే తేదీ, కాయ పండటం మొదలయ్యే తేదీ రెండూ రకాన్ని గుర్తుపట్టే లక్షణాల కిందికే వస్తాయి.

అన్నిటికంటే పెద్ద ఉచ్చు జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే పెరుగుదల మందు. గుత్తి సాగడానికి పూతకు ముందు 10, 15 పీపీఎం, కాయ 3–4 మి.మీ. ఉన్నప్పుడు 40 పీపీఎం కొట్టడం మనకు అలవాటు. ఆ మందు కాయను లావు చేయడమే కాదు, పొడుగు కూడా సాగదీస్తుంది. మందు కొట్టిన థామ్సన్ కాయ మా కొత్త కాయలాగే కనిపించింది! అందుకే ప్రతి రకంలో కొన్ని తీగలకు ఏ మందూ కొట్టకుండా, గర్డ్లింగ్ (బెరడును ఉంగరంలా తీయడం) చేయకుండా వదిలాం. అంకెలన్నీ వాటివే రాశాం. పది గుత్తుల నడిమి భాగం నుంచి 30 కాయలు తీసి వెర్నియర్‌తో పొడవు, వెడల్పు కొలిచి నిష్పత్తి కట్టాం. 24 మి.మీ. పొడవు, 16 మి.మీ. వెడల్పు ఉంటే 1.5 అన్నట్టు. వంకర కాయలు, గుత్తి కొస కాయలు పక్కన పెట్టాలి.

అసలు పని చిగురు దగ్గర జరుగుతుంది. కటింగ్ అయిన రెండు మూడు వారాలకు చిగుళ్లు 10 నుంచి 30 సెం.మీ. మధ్య ఉన్నప్పుడు కొన చూడాలి. అది విచ్చుకుని ఉందా ముడుచుకుని ఉందా, దాని మీద పడుకున్న నూగు ఎంత, ఆ నూగులో ఎరుపు ఉందా అన్నవి మూడు వేర్వేరు లక్షణాలు. పదింతల భూతద్దం చాలు. పొద్దున్నే, నీడలో, రెండు రకాల చిగుళ్లు పక్కపక్కన పట్టుకుని చూడాలి. ఏప్రిల్ కటింగ్ తర్వాతి చిగుళ్లతో ఈ పని పెట్టుకోలేదు. పాలమూరు మే ఎండల్లో ఎరుపు సరిగా తేలదు.

ముదురు ఆకును పిందె పట్టిన నాటి నుంచి కాయ రంగు తిరిగే లోపు, గుత్తికి పైన, కొమ్మ నడిమి భాగం నుంచి తీసుకోవాలి. ఆకు తమ్మెలు (చీలిక భాగాలు) ఎన్ని, వాటి మధ్య పక్క గండ్లు ఎంత లోతు, కాడ దగ్గరి గండి విచ్చుకుని ఉందా రెండంచులూ ఒకదానిపై ఒకటి ఎక్కాయా, అంచు పళ్లు ఎట్లున్నాయి, కింది వైపు నూగు పడుకుని ఉందా నిలబడి ఉందా – ఇవన్నీ రాయాలి. ఇక్కడ మోసపోవడం తేలిక. జింకు తక్కువైతే ఆకు చిన్నదై కాడ దగ్గరి గండి విచ్చుకుంటుంది. పక్క మడిలో కలుపుకు కొట్టిన 2,4-డి గాలికి వస్తే ఆకు విసనకర్రలా మారుతుంది. వరి, జొన్న చేల నడుమ ఉన్న తోటలకు ఈ బాధ కొత్త కాదు. ఆకుముడత వైరస్ సోకిన తీగ కూడా పనికిరాదు. అట్లాంటి ఆకు కొలిస్తే కొత్త రకం కాదు, కొత్త రోగం నమోదవుతుంది.

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా అని చాలామంది అడిగారు. వీవీఎస్2, వీవీఎండీ5, వీవీఎండీ7 లాంటి మార్కర్లు (డీఎన్‌ఏలో చూసే గుర్తులు) మొగ్గ మార్పును మూల రకం నుంచి వేరు చేయలేవు, మామూలుగా రెండూ ఒకే అంకెలు చూపుతాయి. ఇది థామ్సన్ వంశమేనని చెప్పడానికి ఆ రిపోర్టు పనికొస్తుంది. తేడా చూపడానికి కాదు.

సోనాకతో పోల్చినప్పుడు కాయ పొడుగులో మా దానికి తేడా చిన్నదే. దాని మీద ఆధారపడితే నిలిచేది కాదు. నిలబెట్టినవి చిగురు కొన ఎరుపు, పండిన కాయ కాడ నుంచి ఊడే తీరు. ఈ రెండూ రెండు కాపుల్లోనూ ఒకే దిక్కుగా వచ్చాయి. ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు వచ్చిన లక్షణాలు నాలుగు ఉన్నాయి, వాటిని తేడాల పట్టికలోంచి తీసేశాం.

కాగితాల్లో ఎక్కువ కాలం తీసుకున్నది పేరు. ఊరి పేరు, జిల్లా పేరు పెట్టుకోవాలని అందరికీ ఉంటుంది. ఆ చట్టం 15వ సెక్షన్ ప్రకారం భౌగోళిక నామం పూర్తిగా గానీ కొంతగా గానీ ఉన్న పేరుతో రకం నమోదు కాదు. అది నిజాయితీ వాడకమని రిజిస్ట్రార్ భావిస్తేనే మినహాయింపు. ఒట్టి అంకెలూ పనికిరావు. అట్లా 'పాలమూరు' పోయింది. టెర్మినేటర్ జన్యువు (విత్తనం మళ్లీ మొలవకుండా చేసేది) లేదన్న అఫిడవిట్, మూల రకం ఎక్కడిదన్న వివరాలు తప్పనిసరి. 44వ సెక్షన్ రైతుకు ఫీజు మినహాయించింది.

దరఖాస్తు అంగీకరించాక ప్రకటిస్తారు. ఆ తేదీ నుంచి మూడు నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. సర్టిఫికెట్ వస్తే తీగలకు మొదట 9 ఏళ్లు, పొడిగిస్తే మొత్తం 18. సర్టిఫికెట్ వచ్చేదాకా తల్లి తీగనూ, తిరిగిపోయిన ఆ తీగలనూ, పక్కనున్న సోనాక వరసనూ పీకకుండా ఉంచాం. అక్టోబర్ కటింగ్ ఇప్పటికీ మూడిటికీ ఒకే రోజు చేస్తున్నాం.