బ్రానా కెరీర్‌లో మనం దాటేసిన పదేళ్ళు

బ్రిటిష్ నటుడు, డైరెక్టర్ కెన్నెత్ బ్రానా అనగానే చాలామందికి గుర్తొచ్చేవి రెండే. ఒకటి హ్యారీ పాటర్ రెండో సినిమాలో పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ గొప్పలు కొట్టుకునే మాస్టారు లాక్‌హార్ట్, రెండోది అగాథా క్రిస్టీ డిటెక్టివ్ పొయిరోగా పెట్టిన మీసాలు. కాస్త సినిమా పిచ్చి ఉన్నవాళ్ళయితే 1989 నాటి 'హెన్రీ ఫైవ్', 1996లో వచ్చిన నాలుగు గంటల 'హామ్లెట్' చెప్తారు, అక్కణ్ణుంచి ఒక్క గెంతులో తను డైరెక్ట్ చేసిన 2011 నాటి సూపర్‌హీరో సినిమా 'థోర్' దగ్గరికి వచ్చేస్తారు. నన్నడిగితే అతని అసలు పనితనమంతా ఆ మధ్యలోనే ఉంది.

ముందు దెబ్బ తిన్న సంగతి చెప్పాలి. 2000లో షేక్‌స్పియర్ 'లవ్స్ లేబర్స్ లాస్ట్'ని 1930ల నాటి హాలీవుడ్ మ్యూజికల్‌లా తీశాడు, కోల్ పోర్టర్, గెర్ష్విన్ పాటలు పెట్టి, తనూ ఓ హీరోగా డాన్సులు కట్టి. కోటి డాలర్లకు పైగా ఖర్చయితే అమెరికాలో మూడు లక్షలు కూడా రాలేదు. ముప్ఫై నిండకుండానే డైరెక్టర్‌గా ఒకటి, నటుడిగా ఒకటి ఆస్కార్ నామినేషన్లు కొట్టినవాడు, మళ్ళీ ఓ పెద్ద సినిమా డైరెక్ట్ చెయ్యడానికి ఆరేళ్ళు పట్టింది.

ఈలోగా ఏం చేశాడంటే, వేరేవాళ్ళ డైరెక్షన్‌లో నటించాడు. వినడానికి మామూలుగానే ఉంటుంది గానీ అతని విషయంలో ఇది పెద్ద మార్పు. అంతకు ముందు పేరు తెచ్చిన సినిమాల్లో హీరో తనే, కెమెరా ఎక్కడ పెట్టాలో చెప్పేదీ తనే, దాంతో ఆ కెమెరా అతని చుట్టూ గిరగిరా తిరుగుతూ ఉండేది, 'ఫ్రాంకెన్‌స్టైన్'లో అయితే మరీనూ, కాసేపటికి మనకే కళ్ళు తిరుగుతాయి. 'నేను చెయ్యగలను, చూడండి' అన్న ఆత్రం ప్రతి ఫ్రేములోనూ కనిపిస్తుంది.

2001లో వచ్చిన 'కాన్‌స్పిరసీ' చూడండి. టీవీ సినిమా, డైరెక్టర్ ఫ్రాంక్ పియర్సన్. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలో వాన్సీ చెరువు ఒడ్డున ఓ బంగళాలో 15 మంది నాజీ అధికారులు కూర్చుని యూదులందర్నీ చంపే పథకం మీద మీటింగు పెట్టుకున్నారు కదా, అదే కథ, దాదాపు సినిమా అంతా ఒక బల్ల చుట్టూనే. బ్రానా ఆ మీటింగు నడిపే హైడ్రిచ్. ఒక్కసారి కూడా విలన్ మొహం పెట్టడు. భోజనం ఎలా ఉందని అడిగే గొంతుతోనే మనుషుల లెక్కలూ మాట్లాడతాడు. అభ్యంతరం చెప్పిన అధికారి క్రిట్జింగర్‌ని పక్కకి తీసుకెళ్ళి మాట్లాడే సీను ఉంది, గొంతు పెంచడు, మర్యాద తప్పడు, అయినా అవతలివాడికి ప్రాణం మీదికొచ్చిందని మనకి తెలిసిపోతుంది. 'హెన్రీ ఫైవ్'లో రంగస్థలం మీద పద్యం అందుకున్నట్టు గొంతెత్తిన మనిషేనా ఇతను అనిపిస్తుంది. దీనికి టీవీ నటనకిచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది, రాకపోతే ఆశ్చర్యపోవాలి.

అదే సమయంలో స్టేజీకీ తిరిగొచ్చాడు. 2001లోనే లండన్ విండమ్స్ థియేటర్‌లో 'ది ప్లే వాట్ ఐ రోట్' అనే కామెడీ నాటకం డైరెక్ట్ చేశాడు, తను నటించకుండా. ప్రతి రాత్రీ ఓ కొత్త సెలబ్రిటీ గెస్టు, ఎవరొస్తారో ప్రేక్షకులకి ముందే చెప్పరు. తర్వాత 2002లో షెఫీల్డ్‌లో మైఖేల్ గ్రాండేజ్ డైరెక్షన్‌లో 'రిచర్డ్ ద థర్డ్', 2003లో నేషనల్ థియేటర్‌లో మామెట్ నాటకం 'ఎడ్మండ్', పెళ్ళాన్ని వదిలేసి రోడ్డెక్కి హత్య దాకా దిగజారే వాడి పాత్ర. స్టార్ ఇమేజి కాపాడుకోవాలనుకునేవాడు ముట్టుకునే వేషం కాదది.

డైరెక్టర్‌గా మళ్ళీ వచ్చాక కూడా ఆ తేడా తెలుస్తుంది. 2006లో మొజార్ట్ ఒపెరా 'మ్యాజిక్ ఫ్లూట్'ని మొదటి ప్రపంచయుద్ధం కందకాల్లో పెట్టాడు, 'యాజ్ యూ లైక్ ఇట్'ని జపాన్‌కి పట్టుకెళ్ళాడు, 2007లో 'స్లూత్'. మూడింటిలోనూ తను ముఖ్యపాత్ర వెయ్యలేదు. మూడూ గొప్ప సినిమాలేం కావు లెండి, 'స్లూత్' అయితే చల్లగా, బిగుసుకుపోయినట్టు ఉంటుంది, నాటక రచయిత పింటర్ రాసినా, మైకేల్ కెయిన్ ఉన్నా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం 2008లో మొదలైన బీబీసీ 'వాలాండర్'. స్వీడన్‌లో ఓ డిటెక్టివ్, పెళ్ళి పోయింది, నిద్ర లేదు, గడ్డం మాసిపోయి ఉంటుంది. మొదటి ఎపిసోడ్‌లో పచ్చగా పూసిన చేలో నిలబడ్డ ఒక అమ్మాయి దగ్గరికి పిలుస్తూ వెళ్తాడు, అతను చేరేలోపే ఆమె ఒంటికి నిప్పంటించుకుంటుంది. అప్పట్నుంచి ఎపిసోడ్ అంతా ఆ మొహంలో ఆ మంట ఉంటుంది, దాని గురించి పెద్ద డైలాగులేం ఉండవు. అదే ఏడాది స్టేజీ మీద చెహోవ్ 'ఇవనోవ్' కూడా చేశాడు, మళ్ళీ గ్రాండేజ్‌తోనే, అది కూడా లోపల్నుంచి డొల్లయిపోయిన మనిషి కథే.

ఆ తర్వాత నటుడు జూడ్ లాతో 'హామ్లెట్' నాటకం డైరెక్ట్ చెయ్యాల్సి ఉండగా 'థోర్' వచ్చింది, దానికి వెళ్ళిపోయాడు. నాటకాన్ని గ్రాండేజే చేశాడు, 2009లో అది లండన్‌లో ఆడి బ్రాడ్‌వే దాకా వెళ్ళింది. 'థోర్' చెడ్డ సినిమా అనను, కానీ ఇన్నేళ్ళు హామ్లెట్‌ని ఒంటికి పట్టించుకున్నవాడు ఆ వేషాన్ని ఇంకొకడికి నేర్పితే ఎలా ఉండేదో చూడాలని నాకు మహా ఉబలాటంగా ఉండేది.