తని మొదలైతే లేచిపోయే జనం

డిసెంబరు కచేరీలకు మద్రాసు వెళ్తున్నానంటే చాలు, మా ఇంట్లో "పాటల కోసమా, సభ క్యాంటీన్ కోసమా?" అని అడుగుతారు. ఆ వెటకారం నిజమైన రసికులకు చెల్లదని ఇన్నాళ్లూ వాదిస్తూ వచ్చాను. ఈసారి వాదించడానికి నోరు లేకుండా పోయింది.

పినాకిని ఎక్స్‌ప్రెస్ సెంట్రల్ చేరేసరికి మధ్యాహ్నమైంది. టి.నగర్‌కు ఆటో అతను చెప్పిన ధర విన్నాక, ఎప్పటిలాగే రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో లోకల్ ఎక్కాను. ఐదు రూపాయలతో మాంబళం, అక్కడి నుంచి నడక. అలా మిగిల్చిన డబ్బంతా సంగీత సభ టికెట్ల దగ్గర పోయింది. వెనక నుంచి నాలుగో వరుసకు ఐదు వందలు! ముందు వరుసలేమో దాతలవీ సభ్యులవీ అట; కచేరీ ముగిసేదాకా వాటిలో సగం ఖాళీగానే ఉన్నాయి.

టి.నగర్ సభలు మనకు మరీ పరాయివేమీ కావు. జి.ఎన్.చెట్టి రోడ్డులోని వాణీ మహల్ చిత్తూరు నాగయ్యగారి చలవే. తెర మీద త్యాగయ్య అయిన మనిషే త్యాగబ్రహ్మ పేరుతో సభ నెలకొల్పాడు. నేను వెళ్లింది అది కాదు, మరొకటి, పేరు అనవసరం. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. మైకు లేకపోయినా గాయకుడి దగ్గు చివరి వరుసకు వినపడుతుంది. డిసెంబరులో కచేరీలు, వేసవిలో హాస్య నాటకాలు, మధ్యలో భరతనాట్యం అరంగేట్రాలు, అన్నీ ఆ వేదిక మీదే.

ఆరుంబావు అంటే ఆరుంబావుకే తెర లేచింది. మా విజయవాడలో అయితే జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, ఆత్మీయ అతిథి ప్రసంగం, శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు అన్నీ అయ్యాక గాయకుడికి గంటన్నర మిగిలితే గొప్ప. ఇక్కడ శ్రుతి సరిచూసుకోగానే నేరుగా తొలి పాట, వర్ణంలోకి దిగారు. ఆ ఒక్కదానికే నా ఐదు వందల్లో సగం వసూలైందనుకున్నాను.

తోడి రాగం ఆలాపన మొదలయ్యాక చుట్టూ సన్నగా "త్చ్, త్చ్" అని నాలుక చప్పుళ్లు. మన వైపు అలా అంటే జాలిపడుతున్నట్టు. అక్కడ అది మెచ్చుకోలు. తర్వాత త్యాగరాజ కీర్తన. ఎక్కడ చూసినా తొడల మీద చేతులు తాళం వేస్తున్నాయి, ఒక్కటీ తప్పడం లేదు. మాటలు నాకు తెలుసు. పాడిన పంక్తినే మార్చి పాడే సంగతి ఉంటుందే, రాబోయే ఆ సంగతి మాత్రం నాకంటే ముందు వాళ్లకు తెలిసిపోతోంది. మన భాష పాటను వాళ్ల మధ్య కూర్చుని వింటూ చుట్టంచూపుగా వచ్చినవాడిలా ఒదిగిపోయాను. వీళ్ల ముందు మనం ఏపాటి శ్రోతలమని నిజంగానే సిగ్గేసింది.

ఆ సిగ్గు పది నిమిషాలు కూడా నిలవలేదు. కీర్తన ముగింపుకొచ్చి గాయకుడు మృదంగం వైపు చెయ్యి చాపాడు. తని ఆవర్తనం, అంటే పాట ఆపి తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం. అంతే, కుర్చీలు టపటపా మడుచుకున్నాయి. ఇంతసేపూ తాళం తప్పని చేతులే సంచులు వెతుక్కుంటున్నాయి, చెప్పులు సర్దుకుంటున్నాయి. నా మోకాళ్లను రాసుకుంటూ ఐదుగురు దాటిపోయారు. గంటన్నర పైగా పాటను మోసిన మనిషికి మాట్లాడే వంతు వచ్చిందనగా వీళ్లకు వడ గుర్తొచ్చింది! పాట మధ్యలో లేవకూడదని తెలుసు వీళ్లకు. తని పాటలో భాగమని మాత్రం ఎవరూ చెప్పలేదు కాబోలు.

పక్కనే శాలువా కప్పుకుని కూర్చున్న మామి నా ముఖం చూసి, మద్రాసు తెలుగులో "ఎప్పుడూ ఇంతే బాబూ, మీరు కదలకండి" అంది.

నాకు కిందటి వేసవి గుర్తొచ్చింది. పెళ్లికి వచ్చి, ఒక సాయంత్రం ఇదే హాలులో తమిళ హాస్య నాటకం చూశాను. హాస్య నాటకాల రచయిత క్రేజీ మోహన్ 2019లో కన్నుమూసినా ఆ బాణీకి జనం తగ్గలేదు. మాట వెంట మాట, ఊపిరి తీసుకునే సందు ఉండదు. నా తమిళం కూరగాయల బేరానికి సరిపోతుంది గానీ ఆ వేగానికి కాదు. అందరూ నవ్వాక నేను నవ్వడం, అంతలో తర్వాతి మాట పోవడం. అయినా ఒక్కరూ లేవలేదు. ఒక పెద్దమనిషి మాత్రం లేచి నడవాలోకి వచ్చాడు. వేదిక మీది నటుడు పాత్ర వదలకుండానే అతని వైపు తిరిగి, "మామా, ఇంటికెళ్లి మా అత్తకు చెప్పండి, అల్లుడు ఇక్కడ ఇంకా చావలేదని" అన్నాడు. నాకు అర్థమైనంతలో అదీ మాట. హాలు ఊగిపోయింది. పెద్దమనిషి నవ్వుతూ వచ్చి మళ్లీ కూర్చున్నాడు. ఆ తర్వాత బాత్రూముకు వెళ్లాలన్నా ఎవరికీ ధైర్యం చాలలేదు.

హాస్యనటుడికి నోరుంది. పాపం, మృదంగ విద్వాంసుడు ఏం చేస్తాడు, వీపులు లెక్కపెట్టుకోవడం తప్ప?

అనుకున్నానే గానీ, ఆయన చేసింది వేరు. వాయిద్యం హోరెత్తిస్తాడని, పోయేవాళ్లను చప్పుడుతో ఆపుతాడని నేను ఎదురుచూస్తుంటే, ఆయన తగ్గించేశాడు. కుడి చెయ్యి దాదాపు ఆపేసి, రవ్వ ముద్ద పెట్టిన ఎడమ మూత మీద ఒక్క గుమికి, అదే ఆ గుమ్మనే మంద్ర నాదం, ఆగి మరొకటి. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో హాలంతా వినిపించినవి వెళ్తున్నవాళ్ల చెప్పుల చప్పుడు, ఒక ప్లాస్టిక్ కవరు గరగర, తలుపు కిర్రు. కవరు పట్టుకున్న ఆవిడ నడవా మధ్యలో బిగుసుకుపోయింది. మళ్లీ గుమికి. ముందు వరుసల్లో ఎవరో పకపకా నవ్వారు. గాయకుడు తాళం వేస్తూనే పెదవి బిగబట్టాడు. లేవబోయిన నలుగురైదుగురు మెల్లగా కుర్చీల్లోకి జారారు, కవరావిడ నడవాలోనే మెట్టు మీద కూర్చుంది.

అప్పుడు అందుకున్నాడు! ఘటం వాయించే కుర్రాడికి ఒక పొడవాటి వరుస ఇచ్చాడు, కుర్రాడు బదులిచ్చాడు. వంతు ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, నుంచి సగమైంది, పావు అయింది, చివరికి నాలుగు దెబ్బలకు నాలుగు దెబ్బలు. ఇద్దరూ కలిసి ముక్తాయింపు మూడుసార్లు వేసి, కీర్తన వదిలిన ఎత్తుగడ మీదికే వచ్చి దిగారు. మామి తాళం ఒక్క వేలు కూడా పక్కకు పోలేదు. నా తాళం ఎప్పుడో ఎక్కడో తప్పిపోయింది.

చివర్లో పాడే చిన్న పాటలు, తుక్కడాలు, రెండే పాడారు, మంగళం. తొమ్మిదికి క్యాంటీన్‌లో కీరై వడ, అదే ఆకుకూర వడ, అయిపోయింది, అక్కారవడిసిల్ అనే బెల్లం పాయసాన్నం అయిపోయింది. చల్లారిన పెరుగన్నం మాత్రం తగ్గని ధరకు ఉంది. బయట మెతుకు దొరికే హోటల్ కోసం మాంబళం దాకా నడిచే ఓపిక లేక అదే తిన్నాను. ముందే లేచివెళ్లినవాళ్లు చేతులు కడుక్కుంటూ తోడి ఎంత బాగుందో చెప్పుకుంటున్నారు.

మామికి మాత్రం తృప్తి లేదు. "ఘటం అబ్బాయికి ఇంకో రెండు ఆవర్తనాలు ఇవ్వాల్సింది" అంది మజ్జిగ తాగుతూ. రేపు మధ్యాహ్నం ఆ కుర్రాడే మైలాపూరులో వాయిస్తున్నాడట, ప్రవేశం ఉచితమట. నా తిరుగు టికెట్టు రేపు మధ్యాహ్నం పినాకినికే. రద్దు చేస్తే ఎంత కోత పడుతుందో ఫోనులో చూసుకుంటూ, "ఎన్నింటికి మామీ?" అని అడిగాను.