సూర్యుడు ఒకచోట, వెలుగు ఇంకోచోట

పొద్దున తొమ్మిదింటికి కంప్యూటర్ ముందు కూర్చుంటూ "గంటలో లేచేస్తా" అన్నాను. లేచేసరికి సాయంత్రం ఆరు. మధ్యలో భోజనానికి లేచింది లెక్కలోకి రాదు. తింటున్నంతసేపూ బుర్రలో ఆకాశమే తిరుగుతోంది.

బొమ్మ పెద్దదేం కాదు. పొద్దుగూకే వేళ ఒక చెరువు, పైన ఆకాశం, కుంకుతున్న సూర్యుడు, నీళ్ల మీద ఒక తెరచాప పడవ. నా గది గోడకి ప్రింట్ వేయించుకుందామని. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీతల పని నిన్న రాత్రే అయిపోయింది. ఇక రంగులేగా అనుకుని పడుకున్నాను, హాయిగా నిద్ర కూడా పట్టింది.

మొదట అన్నిటికీ ఒక్కో రంగు నింపుకుంటూ పోయాను. వస్తువుని ఎంచుకుని కింద రంగుల వరసలో, అంటే పాలెట్‌లో, రంగు మీద నొక్కితే లోపల నిండేదానికి, అంటే ఫిల్‌కి, షిఫ్ట్ పట్టుకుని నొక్కితే చుట్టూ గీతకి, అంటే స్ట్రోక్‌కి. పాలెట్ ఎడమ చివర ఇంటూ గుర్తు మీద షిఫ్ట్‌తో నొక్కితే ఆ గీత పోతుంది. పావుగంటలో బొమ్మ మొత్తం రంగుల్లో నిలబడింది. అప్పుడు వెనక నుంచి మా తమ్ముడు, "అక్కా, సూర్యుడేంటి ఎర్ర గుండీలా ఉన్నాడు?" అన్నాడు. అనేసి వెళ్లిపోయాడు. నా రోజు పోయింది.

ఆకాశానికి గ్రేడియంట్ వేశాను, అంటే ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారేలా. పైన ముదురు నీలం, కింద నారింజ. వేసి చూస్తే మధ్యలో బురద! సంధ్యాకాశంలో బురదరంగు పట్టీ ఎక్కడుంటుంది? తెరమీది రంగుని పట్టి చూపే డ్రాపర్‌తో చూశాను. తెరమీద ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లే, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. నా నీలం 20, 40, 120. నారింజ 255, 150, 40. సాఫ్ట్‌వేర్‌కి ఆకాశం సంగతి ఏం తెలుసు, ఎరుపుకి ఎరుపు, ఆకుపచ్చకి ఆకుపచ్చ, నీలానికి నీలం కలిపి సగం చేసింది: 138, 95, 80. అది కచ్చితంగా బురదే. పసుపుకీ నీలానికీ మధ్య ఇలాగే చేయిస్తే శుద్ధ బూడిదరంగు వస్తుంది, ఎందుకంటే 255, 255, 0కీ 0, 0, 255కీ సగం తీస్తే మూడూ 128 దగ్గర కలుస్తాయి. చిన్నప్పుడు పసుపూ నీలం కలిపితే ఆకుపచ్చ అని నేర్చుకున్నాం, అది పెయింట్‌తో. తెరమీద ఆ మాట చెల్లదు.

దారి తెలిసినదే, బద్ధకం వల్ల వాయిదా వేశాను. గ్రేడియంట్ గీత మీద రెండుసార్లు క్లిక్ చేస్తే అక్కడ కొత్త స్టాప్, అంటే మనం రంగు ఇచ్చే చుక్క, పుడుతుంది. దానికి గులాబీకి దగ్గరగా ఉండే 210, 100, 130 ఇచ్చాను. నీలం నుంచి గులాబీ మీదుగా నారింజకి. బురద పోయింది. నిజం ఆకాశం కూడా ఆ దారినే వెళ్తుందనిపించింది, కిటికీలోంచి చూసి రుజువు చేసుకునే టైమ్ లేదుగానీ.

తర్వాత సూర్యుడి చుట్టూ కాంతి. దీనికి రేడియల్ గ్రేడియంట్, నడిమి నుంచి బయటికి. లోపల పసుపు, బయటి స్టాప్‌కి నలుపు పెట్టి, ఓపాసిటీ, అంటే రంగు ఎంత కనిపించాలో ఆ పాలు, సున్నా చేశాను. కనిపించని రంగు ఏదైతే ఏంటి అనుకున్నా. సూర్యుడి చుట్టూ పొగ ఉంగరం తయారైంది, ఆరిపోతున్న దీపంలా. కనిపించకుండా పోవడం ఒక్కసారిగా జరగదు కదా. సగం దారిలో రంగు సగం నల్లబడుతుంది, అప్పటికి సగం కనిపిస్తూనే ఉంటుంది. బయటి స్టాప్‌కి కూడా అదే పసుపు ఇచ్చి ఓపాసిటీ మాత్రమే సున్నా చేస్తే తేటగా కరిగింది. మామూలు ఫిల్‌ని గ్రేడియంట్‌గా మారిస్తే ఇంక్‌స్కేప్ తనంతట తనే చేసేది కూడా ఇదే, అదే రంగు నుంచి అదే రంగు సున్నా ఓపాసిటీకి. నేనే తెలివి ఎక్కువై నలుపు పెట్టాను.

అసలు గొడవ పదకొండింటికి. సూర్యుడిని కాస్త ఎడమకి జరిపాను. వెలుగు ఇస్తున్న వృత్తం జరిగింది, వెలుగు మాత్రం పాత చోటే ఉండిపోయింది! వృత్తం అంచున సగం తెగిన మెరుపు. ఫైల్ పాడైందని టెన్షన్ పట్టుకుంది. మూసి తెరిచాను, మళ్లీ అదే. ముప్పావుగంట కుస్తీ పట్టాక, పైన టూల్‌బార్‌లో చివరగా ఉండే నాలుగు చిన్న బటన్ల మీద కన్ను పడింది. వాటిలో ఒకటి, వస్తువుతో పాటు గ్రేడియంట్ కూడా కదలాలా వద్దా అని చెప్పేది. నా చెయ్యి తగిలి ఎప్పుడో ఆఫ్ అయినట్టుంది. ఆన్ చేసి జరిపితే రెండూ కలిసి నడిచాయి. ఈ ముప్పావుగంటని ఎవరి ఖాతాలోనూ వేయలేను.

దానివల్ల ఒక లాభం ఉంది. నీళ్ల కోసం ఆకాశాన్ని డూప్లికేట్ చేసి, కీబోర్డ్‌లో V నొక్కి తలకిందులు చేసినప్పుడు గ్రేడియంట్ కూడా బుద్ధిగా తిరగబడింది. కొంచెం ముదురు చేశాను, నీళ్లు ఆకాశం కంటే నల్లగా ఉంటాయి కాబట్టి. అంతే, నీళ్లయిపోయాయి.

భోజనం తర్వాత చూస్తే ఆకాశంలో సన్నటి తెల్లగీత. నారింజ మొదలై ఇక మారకుండా సాగే చోట, సరిగ్గా ఆ హద్దులో. డ్రాపర్ పెట్టి అటూ ఇటూ చూశాను. అక్కడ అలాంటి రంగే లేదు. ఈ లేని గీత గురించి ఎర్నెస్ట్ మాక్ అనే భౌతిక శాస్త్రవేత్త 1865లోనే రాశాడు, అందుకే మాక్ పట్టీలు అంటారు. మారుతూ వచ్చిన వెలుగు ఉన్నట్టుండి ఆగిన చోట కన్ను ఒక గీత గీసుకుంటుంది. హద్దుకి కాస్త ముందు ఇంకో స్టాప్ పెట్టి, మార్పు మెల్లగా ఆగేలా చేశాను. గీత చాలావరకు తగ్గింది. పూర్తిగా పోయిందా అంటే, ఒకసారి చూశాక నాకు ఇంకా కనిపిస్తోంది. తమ్ముడికి కనిపించలేదట.

మిగిలింది పడవ. ఊపు మీద ఉన్నాను కదా, దానికీ గ్రేడియంట్ వేశాను. తెరచాపకీ వేశాను. ప్లాస్టిక్ బొమ్మలా తయారైంది. కోణాలు మార్చాను, స్టాప్‌లు జరిపాను, మెరుపు తగ్గించాను. ఎంత తగ్గించినా కన్ను సూర్యుడి మీద నుంచి పడవ మీదకే పోతోంది. విసుగొచ్చి అన్నీ తీసేసి, పడవకి ఒకే ముదురు రంగు నింపాను. తెరచాపని రెండు ముక్కలు చేసి, వెలుగు తగిలే వైపు ఒక రంగు, నీడ వైపు ఒకటి. నీడ కోసం నలుపు కలపలేదు. కీబోర్డ్‌లో D నొక్కి, డ్రాపర్‌తో ఆకాశం పైభాగంలోని నీలాన్ని పట్టి, దాన్నే కాస్త తేలిక చేశాను. అప్పటిదాకా అతికించినట్టున్న పడవ నీళ్లలో కూర్చుంది. పొద్దున పావుగంటలో వేసిన రంగులకీ దీనికీ తేడా అంతా ఆ ఒక్క నీలమే.

ప్రింట్‌లో ఈ నారింజ ఇంత మెరవదని తెలుసు. తెర వెలుగునిస్తుంది, సిరా ఇవ్వదు. ఆ బాధ వచ్చే వారానికి.

మూసేముందు ఫైల్ మెనూలో క్లీనప్ డాక్యుమెంట్ నొక్కాను. ఎవరూ వాడని గ్రేడియంట్లు ఫైల్ లోపల పేరుకుంటూనే ఉంటాయి, అది వాటిని ఊడ్చేస్తుంది. కింద చిన్న అక్షరాల్లో లెక్క చూపించింది: 47. వెనకే నిలబడ్డ తమ్ముడు "ఏంటక్కా ఆ నలభై ఏడు?" అన్నాడు.

"పొద్దుటి నుంచి నేను వేసిన ఆకాశాలు" అన్నాను.

"బొమ్మలో ఎన్ని ఉన్నాయి మరి?"

లెక్కపెట్టాను. మూడు.