కాశిమేడులో చూసిన సొరపిల్ల

అక్కకి రెండో కాన్పు. పాలు పడాలంటే పాలసొర పుట్టు, అంటే చిన్న సొరచేప మాంసం పొడిపొడిగా వేయించిన కూర, పెట్టాల్సిందేనని వాళ్ల అత్తమ్మ పట్టుబట్టింది, అందుకే పోయిన ఆదివారం తెల్లారుజామున పెరంబూర్ నుంచి బావ బండెక్కి కాశిమేడు హార్బర్‌కి వెళ్లా, నెల్లూరు నుంచి చెన్నై వచ్చి మూడు రోజులే అయింది, అంత పెద్ద చేపల రేవు చూడ్డం నాకు అదే మొదటిసారి.

కాళ్ల కింద ఐసు నీళ్లు, చుట్టూ వేలం కేకలు, తమిళం మధ్యలో మన నెల్లూరు యాస. ఒకామె గంపలో పాలసొరల పక్కన రెండు జానల పొడుగున్న సుత్తితల సొరపిల్లలు నాలుగైదు ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నా. తల ముందంచు నడిమధ్యలో చిన్న నొక్కు, రెండు కొసలకీ కళ్లు. వెల్లకిలా తిప్పితే రెక్కల మధ్య సన్నటి గాటు, ఇంకా మానలేదు. అది బొడ్డు! ఈ సొర గుడ్లు పెట్టదు, పిల్ల తల్లి కడుపులో మాయ ద్వారా తిండి తీసుకుని పెరిగి పుడుతుంది. ఇంట్లో పాపకి బొడ్డూడి రెండు రోజులే అయింది, నాకు నోట మాట రాలేదు.

"ఏందిమ్మా అట్టా చూస్తుండావు, లేతది, పుట్టుకి బాగుంటది" అందామె.

పక్కన వల బాగుచేసుకుంటున్న తాత, "అదే సముద్రపు ఆవైతే ఎవురూ ముట్టరమ్మా, జైలే" అన్నాడు. డుగాంగ్ అంటారే, అది. చిన్నప్పుడు రామేశ్వరం పక్క చూశాడంట, బిడ్డకి పాలిచ్చే జీవం, గాలి కోసం పైకి రావాలి, వలలో చిక్కితే ఊపిరాడక పోతదని బాధగా చెప్పాడు.

నిజమే, అది ఏడాది పైన మోసి ఒక్క దూడనే కంటుంది, మళ్లీ ఈనడానికి మూడేళ్ల నుంచి ఏడేళ్లు పడుతుంది, 2022లో తమిళనాడు, శ్రీలంకకీ మనకీ మధ్యనున్న పాక్ బే సముద్రంలో 448 చదరపు కిలోమీటర్లు దానికోసమే కేటాయించింది, చాలా మంచి పని. కానీ ఏ జీవానికి అంతరించే ముప్పు ఎంతుందో చెప్పే ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ లెక్కలో ఈ నొక్కుతల సొర పరిస్థితి 2019 నుంచి దానికంటే రెండు మెట్లు అధ్వానం. డజను పైనే పిల్లల్ని కంటుంది కదా అంటారు, ఆ పిల్లలు పెరిగేది ఒడ్డు దగ్గర లోతు లేని నీళ్లలో, వలలు ఎక్కువ పడేదీ అక్కడే. ఆవు అని పిలుచుకున్నదాని మీద ఉన్న జాలి సొర మీద ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

పాలసొర కూడా కొనబుద్ధి కాలేదు, అరకిలో నెత్తళ్లు తీసుకుని వచ్చేశాం. "సొరకి బొడ్డేందే?" అంది అత్తమ్మ. ఫోన్‌లో ఫొటో చూపించా. కళ్లద్దాలు తెచ్చుకుని, పెద్దది చేసి, చాలాసేపు చూసింది.